పుర్రె గుర్తు డ్రమ్ములు

ఎల్లమ్మను సినిమావాళ్లు చంపారు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. పేపర్లు దురదృష్టమని రాసుకున్నాయి. ఫిల్మ్ ఛాంబర్ వాళ్లు ఒక పూట షూటింగులు ఆపి, నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని ఫోటో దిగారు. ఎవరేం రాసుకున్నా చంపడం చంపడమే. దీని మీద ఆమె మొగుడు భిక్షానికి రెండో మాట లేదు.

కిందటి వారం అతణ్ణి జూబ్లీహిల్స్‌లో నిర్మాత సత్యనారాయణమూర్తి ఇంటి గేటు ముందు, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వచ్చాం. పిలిచింది నిర్మాతే. మరునాడు భిక్షం శాసనసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలి. చెప్పనివ్వకూడదనే ఆ పిలుపు.

సాక్ష్యమేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఫిల్మ్‌నగర్ వాలులో ఒక పాత రేకుల షెడ్డు ఉంది. అందులో విలన్ గారి రసాయనాల ఫ్యాక్టరీ సెట్టింగు వేశారు. వరసలు వరసలుగా డ్రమ్ములు. ప్రతి డ్రమ్ముకీ పసుపు రంగు, రంగు మీద నల్లగా పుర్రె, పుర్రె కింద రెండు ఎముకలు. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు ఒకే అచ్చు పెట్టి అన్నిటికీ కొట్టారు. ఖాళీ డ్రమ్ములు కదా, భయమెవరికి? షాటుకీ షాటుకీ మధ్య వాటి మీదే కూర్చుని టీ తాగారు. ఒక రోజు లైటు వైరు కాలి మూలన మంట లేచింది. ఫైరింజన్ వచ్చింది. యూనిట్లో ఎవరో ఫైర్ ఆఫీసరుతో అవన్నీ డమ్మీలే, నీళ్లు కొట్టండి అన్నారు. కొట్టారు. డమ్మీల మధ్య నిజం డ్రమ్ములు ఉన్నాయి. నీళ్లు తగిలితే బుస్సుమని విషం కక్కే సరుకు వాటిలో ఉంది. తెల్లటి పొగ లేచి, పైకి పోకుండా నేల మీద పాకుతూ గేటు వైపు వెళ్లింది.

అది గుంపు సీన్లలో నిలబడే క్రౌడ్ వాళ్ల వెనక గేటు, దానికి తాళం ఉంది. సెట్టు బట్టలు విప్పి ఇవ్వకుండా క్రౌడ్ బయటికి పోకూడదు. అది రూలు. దానికోసం ప్రొడక్షన్ వాళ్లు వేసే తాళం అది. కూలీ ఆడదాని వేషంలో ఎల్లమ్మ ఆ గేటు ఊచలు పట్టుకుని ఉంది. ఆమెతో పాటు ఇంకొందరు. నోటి నుంచి నురగ, ముక్కుల నుంచి రక్తం. ఊపిరి కోసం ఊచల మధ్య ముఖాలు దూర్చారు. కొందరి ముఖాలు అలాగే ఉండిపోయాయి.

భిక్షం ఇదంతా పైనుంచి చూశాడు. అతను ఫైటరు. గాల్లో ఎగిరే షాటు కోసం నడుముకు తాడు కట్టి షెడ్డు కప్పు దగ్గర వేలాడదీశారు. మంట లేవగానే తాడు పట్టుకున్నవాళ్లు దాన్ని స్తంభానికి చుట్టి పారిపోయారు. పొగ కిందనే పాకింది కాబట్టి అతను బతికాడు. పైనుంచి పెళ్లాం చావు మొత్తం చూశాడు. ఆఫీసరుతో మాట్లాడిన మనిషిని కూడా చూశాడు గానీ, కనపడింది పసుపు టోపీ ఒక్కటే. ఆ టోపీ యూనిట్ అందరికీ పంచారు. ఎవరన్నది నేటికీ తెలియదు.

ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది, శాసనసభ కమిటీ పరిశీలిస్తున్నది దాన్నే. ప్రమాదకర పదార్థాల అత్యవసర స్పందన బిల్లు అని చాంతాడంత పేరు. మోతీనగర్‌లో ఆఫీసున్న లాయరు అపూర్వ దాన్ని చదివి, భిక్షానికి నాలుగు ముక్కల్లో చెప్పింది. విషపు సరుకు ఉంచినవాడు ఎక్కడ ఉంచాడో ఫైర్ వాళ్లకు ముందే చెప్పాలి. ప్రమాదం జరిగితే ఏ డ్రమ్ములో ఏముందో మొదట వచ్చిన బండికి చెప్పాలి. తెలియకపోతే తెలియదనే చెప్పాలి. తెలియదంటే వాళ్లు నీళ్లు కొట్టరు, ముందు జనాన్ని దూరం పంపుతారు. అబద్ధం చెబితే జైలు. ఇంతవరకూ బాగుంది. చిట్టచివర ఒక లైను ఉంది. చలనచిత్రాల కోసం తాత్కాలికంగా వేసిన సెట్టింగులకు ఈ చట్టం వర్తించదు.

ఆ ఒక్క లైను పోవాలి. భిక్షానికి బతుకులో మిగిలిన పని అదొక్కటే. ఆ నిండు డ్రమ్ములు ఎక్కడివో ఈ ఇంట్లోనే తెలుస్తుందని అతను గేటు తట్టాడు.

గేటు తీసింది ఓంప్రకాష్. ఒకప్పుడు భిక్షంతో పాటు ఫైటర్ల యూనియన్ కార్డున్నవాడు. మోకాలు విరిగాక ఈ ఇంటికి కాపలా చేరాడు.

"రా అన్నా. జర చేతులు లేపు."

"ఏంది, జేబుల బాంబు పెట్టుకొచ్చిన్ననుకున్నవా?"

"సార్ చెప్పిండు. నేను చెప్పలే."

"ఎన్ని సినిమాలల్ల తన్నినవ్ రా నన్ను. ఒక్క పారి గూడ ఎముక దొరకలే నీకు. ఇయ్యాల ఏం దొరుకుతది, చూస్కో."

ఓంప్రకాష్ నవ్వుతూనే నడుము చుట్టూ తడిమాడు. తర్వాత నవ్వు ఆపి, గొంతు తగ్గించాడు. "అన్నా, లోపల ఏమన్న అయితే నేను నౌకరీ చేస్త. ముందుగాల్నే చెప్తున్న. మళ్ల దిల్ మీద తీస్కోకు."

"చెయ్. ఉప్పు తిన్నోనివి."

ఆ ఇంటిని ఒక బండరాయి చుట్టూ కట్టారు. హాలు మధ్యలో రాయి అలాగే ఉంది, ఏనుగు పడుకున్నట్టు. దాని మీద పైనుంచి దీపాల వెలుగు పడుతోంది. కొండను ఇంట్లో పెట్టుకున్నవాడికి మనుషులు ఎంత కనిపిస్తారు? సత్యనారాయణమూర్తి ఆ రాయి పక్కన సోఫాలో కూర్చుని బత్తాయి తొనలు ఒలుచుకుంటున్నాడు. భీమవరం వైపు మనిషి. తెల్లటి లాల్చీ, తెల్లటి పంచె, తెల్లటి మాట.

"రావయ్యా భిక్షం, రా. ఎండన పడొచ్చావు. మజ్జిగ తాగుతావా?"

"వద్దు సార్."

"పోనీ కూర్చో."

"నిలబడ్త."

"నీ ఇష్టం. రేపు కమిటీకి వెళ్తున్నావంట. ఆ ప్లీడరమ్మాయి తీసుకెళ్తోందంటగా. చిన్నపిల్ల, పంతం ఎక్కువ. పెళ్లయితే తగ్గుద్దిలే."

"ఆమె పెండ్లి నీకెందుకు సార్. నన్నెందుకు పిలిచినవో చెప్పు."

సత్యనారాయణమూర్తి ఒక తొన నోట్లో వేసుకుని, గింజ చేతిలోకి ఊసి, పళ్లెంలో పెట్టాడు. "చూడు, ఆ బిల్లు చెడ్డదని నేననను. ఫ్యాక్టరీల మీద పెట్టమను. గోడౌన్ల మీద పెట్టమను. ట్యాంకర్ల మీద పెట్టమను. మన మీద ఎందుకయ్యా? మన దగ్గరుండేది అట్టలూ థర్మాకోలూ. అట్టకత్తికి ఆయుధాల లైసెన్సు తెమ్మంటే ఎట్టా? ఒక్క లైను అడిగాం. అది కూడా ఉంచొద్దని నువ్వెళ్లి చెబితే, నీ పొట్ట నువ్వే కొట్టుకున్నట్టు. నీలాంటోళ్లు ఎంతమంది బతుకుతున్నారు ఈ ఇండస్ట్రీ మీద?"

"నా పెండ్లాం గూడ బతికింది సార్. గా షెడ్డు దాకా."

"అదే చెప్పొస్తున్నా. ఎల్లమ్మని నేను మర్చిపోలేదు." అతని గొంతు తడి అయింది. గొంతు తడి చేసుకోవడం అతనికి తెలుసు. హీరోల డేట్ల కోసం ఎన్నోసార్లు చేసుకున్నాడు. "కొత్త సినిమా మొదలెడుతున్నా. మొదటి కార్డు ఆవిడదే. తెర నిండా ఫోటో, కింద పేరు, 'ఈ చిత్రం అంకితం' అని. వెనకాల ఒక్క వీణ. థియేటర్లో జనం లేచి నిలబడతారయ్యా. నువ్వు రేపు వెళ్లు, వెళ్లొద్దనను. ఆ పొగలో నాకేం కనపళ్లేదని చెప్పి వచ్చెయ్. చాలు."

ఎల్లమ్మ చాలా సినిమాల్లో ఉంది. పెళ్లి సీనులో అక్షింతలు వేసే చెయ్యి ఆమెది. శవం చుట్టూ ఏడ్చే వీపుల్లో ఒకటి ఆమెది. పండగ పాటలో హీరోయిన్ వెనక మసకగా ఊగే చీర ఆమెది. ఏ సినిమాలోనూ ముఖం తెర మీద నిలవలేదు. ముఖం కనపడేలా ఒక్కసారి నిలబెట్టమని ఆమె కెమెరా మనుషుల్ని బతిమాలుకోవడం భిక్షం విన్నాడు. అడిగిన ప్రతిసారీ వెనక్కి పొమ్మన్నారు. ఇప్పుడు, చచ్చాక, ముఖం వేస్తారట.

ఫైటరు చేతికి ఒక అలవాటుంటుంది. ఎంత ఊపుతో లేచినా గుద్దు ఎదుటివాడి దవడకు వేలెడు దూరంలో ఆగుతుంది. ఆగకపోతే వాడు ఫైటరు కాదు, రౌడీ. తెల్లవారుజామున ఇసుకలో ఆ ఆగడాన్నే నేర్పుతారు. భిక్షం జీవితమంతా అలా ఆపుకుంటూ వచ్చాడు. హీరోలు పొరపాటున నిజంగా కొట్టినా, తను మాత్రం ఆపాడు. ఆ మధ్యాహ్నం ఆపలేదు.

సత్యనారాయణమూర్తి ముక్కు విరిగింది. సినిమాలో వినిపించే చప్పుడు రాలేదు. తడి గుడ్డను బండకేసి కొట్టినట్టు వచ్చింది. లాల్చీ మీద రక్తం గంటెతో పోసినట్టు పడింది. రెండో గుద్దుకు పెదవి చీలి పన్ను బయటికి కనపడింది. భిక్షం అతణ్ణి లాల్చీ పట్టి లేపి, వీపు ఆ బండరాయికి ఆనించి, మోచేతిని గొంతుకు అడ్డంగా బిగించాడు.

"ఓంప్రకాష్!" అని అరవబోయాడు నిర్మాత. పేరు సగమే వచ్చింది.

సగం చాలు. ఓంప్రకాష్ వచ్చాడు. చేతిలో లాఠీ. మాటా పలుకూ లేకుండా వెనక నుంచి భిక్షం పక్కటెముకల మీద దించాడు. ఒకటి. ఇంకొకటి. లోపల ఏదో పటుక్కుమంది. భిక్షానికి ఊపిరి ఆడలేదు. మోకాళ్ల మీదికి వచ్చాడు. మూడో దెబ్బ భుజం మీద పడింది. నాలుగోది తల మీదికి వస్తోందని నీడను బట్టి తెలుసుకుని పక్కకు దొర్లాడు. లాఠీ బండరాయికి తగిలి విరిగింది.

"అన్నా, పండుకో. లెవ్వకు. నీ కాల్మొక్త, లెవ్వకు," అన్నాడు ఓంప్రకాష్ రొప్పుతూ.

ఆ మోకాలు ఏ షాటులో విరిగిందో భిక్షానికి తెలుసు. రెండో అంతస్తు అద్దంలోంచి దూకే షాటు. కింద పరుపులు సరిగ్గా వేయలేదు. ఆ రోజు ఓంప్రకాష్‌ను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది తనే. ఎముక ఎక్కడ అతికించారో కట్టు విప్పిన రోజు చూశాడు. నేల మీద పడుకునే, మడమతో, సరిగ్గా అక్కడే తన్నాడు.

ఓంప్రకాష్ కేకకు పైన కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. మనిషి కుప్పకూలి, మోకాలిని రెండు చేతులతో పట్టుకుని పిల్లాడిలా ఏడ్చాడు. భిక్షం అతని వైపు చూడలేదు. పాపమని కూడా అనుకోలేదు. అడ్డొచ్చినవాడు అడ్డొచ్చాడు.

సత్యనారాయణమూర్తి ఫోను కోసం పాకుతున్నాడు. భిక్షం ఆ చేతి మీద కాలేసి నిలబడ్డాడు. చిటికెన వేలు పక్కకు వంగింది.

"డ్రమ్ములు ఎవలవి?"

"అబ్బా... స్క్రాప్ వాడి దగ్గర..."

"స్క్రాపోడు ఖాళీ డ్రమ్ములిస్తడు. నిండువి ఎవలిచ్చిండ్రు?" కాలు ఇంకాస్త తిప్పాడు.

"మా బావమరిదివి! మా బావమరిదివయ్యా, తియ్యి కాలు!" అతని ముక్కులోంచి బుడగలు వచ్చాయి. "మందుల ఫ్యాక్టరీ ఉంది వాడికి. తనిఖీ వాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. పారేసే సరుకు, లెక్కలో లేని సరుకు. దాచుకోడానికి చోటు లేదు. నీ సెట్లో అన్ని డ్రమ్ములున్నాయి గదా బావా, వాటిలో కలిపెయ్ అన్నాడు. రెండ్రోజుల్లో పట్టుకుపోతానన్నాడు."

"నిజం డ్రమ్ముల మీద పుర్రె బొమ్మ ముందే ఉండాలె గద. ఉండెనా, లేకుండెనా?"

"ఉంది."

"మరేం జేసిండ్రు?"

"పసుపు రంగేసి మూసేశాం. దాని మీద మన పుర్రె కొట్టించాం." అతను కళ్లు మూసుకున్నాడు. "అన్నీ ఒకేలా కనపడాలని."

నిజం పుర్రెను కప్పి దాని మీద అబద్ధం పుర్రె వేశారు. ఇంత తెలివి ఈ ఊళ్లో సినిమావాళ్లకు తప్ప ఎవరికీ రాదు. ఫ్యాక్టరీలో దాస్తే తనిఖీ వాళ్లు పట్టుకుంటారు. అడవిలో పారబోస్తే గొర్రెలు చచ్చి ఊరు లేస్తుంది. సెట్టింగులో పెడితే పుర్రె బొమ్మ చూసి కూడా జనం నవ్వి, దాని మీదే కూర్చుంటారు. బిల్లు చివర ఆ లైను ఎందుకు పుట్టిందో భిక్షానికి అప్పుడు తెలిసింది. అది అట్టల కోసం పెట్టింది కాదు. రేపు ఇంకో బావమరిది సరుకు ఇంకో షెడ్డులో దాచడానికి పెట్టింది.

టీపాయ్ మీద ఇత్తడి జ్ఞాపిక ఉంది. ఏదో వందరోజుల పండగలో ఇచ్చింది. అడుగు బరువైనది. భిక్షం దాన్ని తీసుకున్నాడు. కొట్టి వదిలేద్దామని కాదు. చంపుదామనే తీసుకున్నాడు. ఆ సంగతి సత్యనారాయణమూర్తికి అతని ముఖంలో కనపడింది. అందుకే అరవడం మానేశాడు.

"నాయినా!"

మెట్ల మీద భావన నిలబడి ఉంది.

భిక్షం కూతురు. ఒక్కతే కూతురు. అసిస్టెంట్ డైరెక్టరు. తల్లి పోయిన తర్వాత కూడా ఈ నిర్మాత దగ్గరే పని చేస్తోందని భిక్షం ఆమెతో మాట మానేశాడు. మధురానగర్‌లోని తమ గదిలోంచి ఆమె బట్టలు సర్దుకుని హాస్టలుకు పోతుంటే, తలుపు దగ్గరికి కూడా రాలేదు.

"నువ్వు ఈ ఇంట్లున్నవా?"

"పైన కథ మీద కూసున్నం. నాయినా, అది కింద పెట్టు."

"ఏం కథ?"

"నా సినిమా. సార్ నాకు డైరెక్షన్ ఇస్తున్నడు."

భిక్షం తల ఊపాడు. "మీ అమ్మను చంపినోడు నీకు సినిమా ఇస్తున్నడు. మంచిగున్నది. ముహూర్తానికి కొబ్బరికాయ కొడ్తడా, లేకుంటే మీ అమ్మ తలకాయే కొడ్తడా?"

కింద పడి ఉన్న నిర్మాత రక్తపు పళ్లతో నవ్వాడు. నవ్వితే నొప్పి పుట్టి ఆపుకున్నాడు.

"చెప్పమ్మా. నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మడు, నా నోరు కూడా ఇప్పుడు సరిగ్గా లేదు."

"ఏంది చెప్పేది?" అన్నాడు భిక్షం.

భావన మెట్లు దిగి వచ్చింది. రక్తంలో అడుగు పడకుండా చూసుకోలేదు. తండ్రికి ఎదురుగా నిలబడింది.

"ఫైర్ ఆఫీసరుతోని మాట్లాడింది నేను."

భిక్షానికి అర్థం కాలేదు. కాదు, అయింది. చెవి ఒప్పుకోలేదు.

"నువ్వు కారవాన్ కాడ ఉన్నవ్. హీరోయిన్ తాన ఉన్నవ్. నువ్వే చెప్పినవ్ నాకు."

"అబద్ధం చెప్పిన. గా పసుపు టోపీ నేనే." చాలాసార్లు ఒంటరిగా చెప్పుకుని అరిగిపోయిన మాటలు అవి. "ఆయన ఉరికొచ్చి డ్రమ్ములల్ల ఏమున్నది అనడిగిండు. నాకు తెల్వది. తెల్వదు అనాలె. నాలుగేండ్ల సంది నాకు సెట్ల నేర్పిందే అది, తెల్వదు అనొద్దని. హీరో ఎక్కడున్నడంటే దారిల ఉన్నడనాలె, ఇంట్ల పండుకున్నా సరే. వాన పడ్తదా అంటే పడదనాలె. తెల్వదన్నోడు తెల్లారి పనిల ఉండడు. నోటికి గదే వచ్చింది. డమ్మీలు సార్, అన్ని డమ్మీలే అన్న."

"గంతేనా?"

"గంతే అయితే మంచిగుండు." ఆమె మొదటిసారి కళ్లు దించింది. "ఆయన మళ్ల అడిగిండు. పక్కానా అన్నడు. తెల్వకపోతే తెల్వదని చెప్పు, నీళ్లు కొట్టం, ముందు అందర్ని దూరం పంపిస్తం అన్నడు. అప్పుడు నేను పైకి చూసిన. నువ్వు ఏలాడ్తున్నవ్ నాయినా. మంట నీ కిందికి పాకుతున్నది. కాళ్లు కొట్టుకుంటున్నవ్. నీళ్లు ఆగితే నువ్వు కాలిపోతవ్. పక్కా సార్, కొట్టుండ్రి అన్న."



"అమ్మ గేటు కాడ ఉన్నదని నాకు తెల్వది," అంది భావన. "గేటుకు తాళమున్నదని గూడ తెల్వది. అది నిజంగ తెల్వది."

భిక్షం చేతిలోని ఇత్తడి ముక్క జారి పడింది. అతను కూతుర్ని కొట్టలేదు. కొట్టడమంటే తన బిడ్డేనని ఒప్పుకోవడం. ఒప్పుకోలేదు. తన ఊపిరి ఎవరి ఊపిరి ఖర్చు మీద మిగిలిందో తెలిసింది కాబట్టి ఆ ఊపిరి మీద కూడా అసహ్యం పుట్టింది. అంతకుమించి ఏ ప్రేమా, ఏ క్షమా పుట్టలేదు.

సత్యనారాయణమూర్తి సోఫా పట్టుకుని లేచి కూర్చున్నాడు. పంచె అంచుతో ముక్కు అదుముకున్నాడు. వ్యాపారం మొదలవగానే అతని గొంతు కుదుటపడింది.

"రిపోర్టులో 'సెట్టు మీద ఉన్న బాధ్యులు డమ్మీలని తెలిపారు' అని ఉంది. పేరు లేదు. పేరు రాకుండా చూసింది నేను. బిల్లు రేపటిదే భిక్షం, కానీ కేసు నిన్నటిది. నువ్వు కమిటీలో నోరు తెరిస్తే అది తిరగతోడతారు. డ్రమ్ములు ఎవడివని తర్వాత అడుగుతారు. డమ్మీలని ఎవరు చెప్పారని ముందు అడుగుతారు. నేను లాయర్లని పెట్టుకుంటాను, బయటపడతాను. ఈ పిల్ల బయటపడదు. పోలీసుల్ని నేను పిలవను. ఈ ముక్కు నేను జారిపడి విరగ్గొట్టుకున్నా. ఇంక నీ ఇష్టం."

"నాయినా, నా కోసం ఆగకు," అంది భావన. "పోయి చెప్పు. చెప్పాలె."

భిక్షం ఆమె మాట విననట్టే తలుపు వైపు నడిచాడు. ప్రతి అడుగుకూ విరిగిన పక్కటెముక లోపల గీరుకుంటోంది. గుమ్మం దగ్గర ఓంప్రకాష్ అతని ప్యాంటు అంచు పట్టుకున్నాడు.

"అన్నా... మళ్ల గదే మోకాలు కొట్టినవ్ అన్నా..."

"తెలుసు," అని కాలు విదిలించుకుని బయటికి వచ్చాడు.

ఫిల్మ్‌నగర్ వైపు దిగే మలుపులో అపూర్వ కారు ఆపుకుని, పక్కన నిలబడి ఉంది. అతణ్ణి లోపలికి ఒంటరిగా పోవద్దని పొద్దున్నే ఫోనులో గొడవ పడింది. చొక్కా మీది రక్తం చూసి పరుగెత్తుకొచ్చింది.

"భిక్షం గారూ! ఏమైంది? కొట్టారా మిమ్మల్ని? హాస్పిటల్‌కి పోదాం, ఎక్కండి. ముందు ఫోటోలు తీసుకుందాం, రేపు పనికొస్తాయి."

"నాది కాదు. ఎక్కువ నాది కాదు."

"మరి?"

అతను చొక్కా అంచుతో చేతులు తుడుచుకున్నాడు. ఆమె అతని ముఖాన్ని కాసేపు చూసి, సంతోషం ఆపుకోలేక అసలు సంగతి చెప్పేసింది.

"ఒక గుడ్ న్యూస్. తిరుమలేశ్ గారు వస్తున్నారు రేపు. ఆ రోజు నీళ్లు కొట్టించిన ఫైర్ ఆఫీసర్. ఊపిరితిత్తులు కాలిపోయి ఇన్నాళ్లు మాట లేదు కదా ఆయనకి. ఇప్పుడు చిన్నగా మాట్లాడుతున్నారు. నేను ఇప్పుడే ఆయన ఇంటికి పోయి కలిసి వస్తున్నా. డమ్మీలని చెప్పింది మగవాళ్లు కాదంట భిక్షం గారూ. అమ్మాయంట. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే చెప్పిందంట. ముఖం కళ్లలోంచి పోలేదు, ఎదురుగా నిలబెడితే గుర్తుపడతా అన్నారు."

కింద ఫిల్మ్‌నగర్ వాలులో ఎవరో రేకుల మీద సుత్తితో కొడుతున్నారు. కొత్త సెట్టింగు ఏదో లేస్తోంది. సినిమావాళ్లు చంపారని ఇక భిక్షం అనలేడు, తన ఊపిరి కోసం ఆ నీళ్లు కొట్టించింది భావనే.

"కింద ఏం మాట్లాడుకున్నారో ఆయన చెప్తారు. పైనుంచి ఏం జరిగిందో మీరు చెప్తారు," అంది అపూర్వ. "రెండూ కలిస్తే ఆ లైను ఉండదు. కమిటీలో సగం మంది ఇప్పటికే మన వైపున్నారు. ఆ అమ్మాయి ఎవరో తేలితే మిగతాదంతా బయటికొస్తుంది. మీరు పొద్దున తయారుగా ఉండండి, నేనే వచ్చి..."

"నేను రాను వకీలమ్మా."

ఆమె నవ్వబోయి ఆగింది. "ఏంటి?"

"రాను."

"లోపల ఏమన్నా బెదిరించారా? భయపడకండి. రేపు కమిటీ ముందు అదే చెబుదాం..."

"నన్నెవడు బెదిరించలే. నేను ఏం చూడలే. పొగ ఉండె."

"పొగ కిందనే ఉందని, పైకి రాలేదని మీరే కదా చెప్పింది నాకు! గేటు చూశానన్నారు. ఎల్లమ్మ గారిని చూశానన్నారు. ఎల్లమ్మ గారిని చంపారు, అది ప్రమాదం కాదు అని నా ఆఫీసులో బల్ల గుద్ది..."

"గా పేరు ఎత్తకు." ఆమె వెనక్కి జరిగింది. అతను గొంతు పెంచలేదు. "విను, మళ్ల చెప్ప. కమిటీ పిలిచినా, కోర్టు పిలిచినా, పోలీసోడు గోర్లు పీకినా ఈ నోట్లకెళ్లి దాని ముచ్చట రాదు. నా పెండ్లాం ఎట్ల సచ్చిందని నువ్వడగొద్దు. ఎవ్వలడిగినా చెప్ప. ఇయ్యాల్టితోని అయిపోయింది. నేను సచ్చేదాక ఇగ దాని గురించి మాట్లాడ."